ఒంటె ముందా, ఖర్జూర తోట ముందా?

ఎడారి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

యూఏఈలోని అల్ ఐన్ ఊళ్లో ఏళ్ల తరబడి పనులకోసం మూసి ఉంచిన అల్ ఐన్ మ్యూజియాన్ని 2025లో మళ్లీ తెరిచారని ఈ శీర్షికలో రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ‘అక్కడేముంది టీచర్ గారూ, ఒక కోట, నాలుగు కుండలేగా’ అన్నవాళ్లున్నారు. ‘మా వాడి ప్రాజెక్టు కాస్త మీరే రాసి పంపండి’ అన్నవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకం వాళ్లకి జవాబు ఇవ్వను, ప్రాజెక్టు పిల్లలే రాయాలి. మిగిలినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఈ నెల ఇస్తున్నాను. ఆ ఊళ్లో చాలాకాలం సోషల్ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నా మాటల్లో కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

టీచర్ గారూ, మేం షార్జాలో ఉంటాం. వచ్చే నెల మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఎత్తు భవనాలూ మాల్సూ పోయినసారే చూపించేశాం. మామగారికి చరిత్రంటే ప్రాణం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలకి అరగంట దాటితే బోర్. వీళ్లందరినీ అల్ ఐన్ తీసుకెళ్తే ఒక్కరోజులో అవుతుందా? – ఎస్. ఎల్., షార్జా

అవుతుందమ్మా. కానీ ‘అల్ ఐన్ అంతా చూసేద్దాం’ అని బయల్దేరకండి, సాయంత్రానికి అందరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ కారెక్కుతారు. మూడే మూడు చోట్లు పెట్టుకోండి: హీలి పురావస్తు పార్కు, మ్యూజియం, దాన్ని ఆనుకుని ఉన్న ఒయాసిస్సు.

ఎండెక్కక ముందే హీలి చూసేయండి, అది ఆరుబయట. మధ్యాహ్నం మ్యూజియం. పొద్దువాలాక ఒయాసిస్సు. చాలామంది సరిగ్గా దీన్ని తలకిందులుగా చేస్తారు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఏసీ గదుల్లో తిరిగి, మిట్టమధ్యాహ్నం రాళ్ల మధ్యకి వెళ్లి ‘ఏముంది ఇక్కడ’ అంటారు.

మామగారికి ముందే చెప్పి ఉంచండి. ఇది ఎమిరేట్స్‌లోకెల్లా పాత మ్యూజియం. అప్పటి అబుదాబి పాలకుడు షేక్ జాయెద్ పూనుకుని 1969లో మొదలుపెట్టించారు. మొదట వస్తువులన్నీ పక్కనున్న సుల్తాన్ కోటలో పెట్టారు, ఆ కోట 1910లో కట్టినది. మ్యూజియం భవనం 1971 నవంబరులో తెరిచారు. యూఏఈ దేశంగా ఏర్పడింది 1971 డిసెంబరు 2న. అంటే దేశం కంటే మ్యూజియమే కాస్త పెద్దది. చరిత్రంటే ప్రాణం ఉన్నవాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు, దారి పొడుగునా అదే మాట్లాడతారు.

అత్తగారి విషయం. జబల్ హఫీత్ కొండ కింద ఉన్న తేనెపట్టు ఆకారపు సమాధుల దగ్గరికి ఆవిణ్ని నడిపించకండి, నేల ఎగుడుదిగుడు. ఒయాసిస్సులో మాత్రం చదునైన బాటలున్నాయి, నీడ ఉంది. అది చిన్న తోపు కాదు. లక్షా నలభై ఏడు వేల ఖర్జూర చెట్లు. పక్కనే సన్నటి కాలవల్లో నీళ్లు పారుతుంటాయి. వంతు వచ్చిన తోటకి మడవ తీసి, అయిపోయాక మూసేస్తారు. పల్లెలో పెరిగిన మనిషైతే ఆవిడే మీకు ఇంకా బాగా వివరిస్తారు.

పిల్లలకి బయల్దేరేముందు తలా ఒక దిర్హాం నాణెం ఇవ్వండి. వెనక వైపు ముక్కు పొడుగ్గా వంగిన కాఫీ కూజా బొమ్మ ఉంటుంది, దల్లా అంటారు. ‘ఇలాంటిది లోపల ఎక్కడుందో కనిపెట్టండి’ అనండి. దొరికాక ఇంకో పని చెప్పండి: ఒంటె బొమ్మ ఏయే వస్తువుల మీద ఉందో, అది ఎంత పాతదో రాసుకురమ్మనండి. ఈ రెండో పని ఎందుకో కింద ఇంకో ఉత్తరానికి రాసిన జవాబులో తెలుస్తుంది.

మేడమ్, నేను సైట్ ఇంజనీర్‌ని. పోయిన శుక్రవారం మ్యూజియం చూసొచ్చాను. నిజం చెప్పాలంటే ఒక కుండ, పక్కన పూసలు, మళ్లీ కుండ. లేబుల్ చదవడం, పక్కకి జరగడం. గంటలో బయటికొచ్చేశాను. మీరు ఇంతలా పొగిడేది నాకేమీ కనిపించలేదు. తప్పు నాదా, కుండలదా? – కె. ఆర్., దుబాయ్

ఇద్దరిదీ కాదు, లేబుళ్లది. ‘కుండ, క్రీస్తుపూర్వం ఫలానా’ అని రాస్తే ఎవరికైనా అంతే. నేను పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఒకటే ప్రశ్న ఇచ్చేదాన్ని: ఈ వస్తువు చేసిన సరుకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు చేశారన్నది, ఎప్పుడన్నది తర్వాత సంగతి.

మూడు సరుకులు పట్టుకోండి: రాగి, మెత్తరాయి, ఎర్రపూస.

రాగి ఇక్కడిదే. అల్ ఐన్‌కి తూర్పున కనిపించే హజర్ కొండల్లో ఖనిజం ఉంది. కరిగించి మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్ వైపు) దాకా పంపేవాళ్లు. అక్కడి మట్టి పలకల మీద మగాన్ అని ఒక దేశం పేరు వస్తుంది, రాగి వచ్చే చోటు. ఇప్పటి ఒమన్, ఎమిరేట్స్ ప్రాంతమే అదని పండితుల నిర్ధారణ. రాగి పోతే తిరుగు పడవల్లో, గాడిదల మీద ఏదో ఒకటి రావాలి కదా? జబల్ హఫీత్ సమాధుల్లో దొరికిన చిన్న చిన్న రంగుల కుండలు అలా వచ్చినవే, మెసొపొటేమియా బాణీవి. ఆ సమాధులు 5,000 ఏళ్లు దాటినవి. మీరు ‘మళ్లీ కుండ’ అని దాటేసింది బహుశా దాన్నే.

మెత్తరాయి కూడా ఈ కొండలదే. ఆకుపచ్చ, బూడిదరంగు కలిసిన రాయి, గోరు గట్టిగా నొక్కితే గీత పడేటంత మెత్తన. దాంతో గిన్నెలూ మూతలూ చేసేవాళ్లు. పైన చుక్క, చుక్క చుట్టూ వలయం, పక్కన ఇంకో చుక్క, అలా వరసగా ఉంటాయి. ఈసారి వెళ్తే గాజుకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూడండి. నాకు బాగా గుర్తున్న గిన్నె ఒకటుంది. మొదట్లో వలయాలన్నీ సమానంగా దూరందూరంగా ఉన్నాయి. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి చోటు చాలక చివరి రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. లెక్క తప్పింది. నాలుగు వేల ఏళ్ల కిందటి ఆ పనివాడు నాలిక కరుచుకునే ఉంటాడు. సైట్ ఇంజనీర్‌కి ఆ బాధ నేను చెప్పాలా!

ఎర్రపూస మనవైపు నుంచి వచ్చింది. కార్నీలియన్ అనే ఎర్రరాయి పూసల మీద తెల్లటి గీతలు, చుక్కలు ఎక్కించడం సింధు లోయ పనివాళ్లకి తెలిసిన విద్య. అలాంటి పూసలు ఇక్కడి ఉమ్ అన్-నార్ కాలపు, అంటే సుమారు 4,500 ఏళ్ల కిందటి, సమాధుల్లో దొరికాయి. సింధు నాగరికత ఊళ్లలో సరుకు నింపి పంపే నల్లపూత జాడీల పెంకులు కూడా దొరికాయి. మన దగ్గర్నుంచి ఎడారికి మనుషులూ సరుకులూ రావడం నిన్న మొన్నటి సంగతి కాదు.

మీ వృత్తికి తగింది ఇంకోటి చెబుతాను. హీలి పార్కులో పెద్ద సమాధి ఉంది, గుండ్రంగా, 12 మీటర్ల వ్యాసం. బయటి రాళ్లు చూడండి. ఒక్కో రాయినీ గోడ వంపుకి సరిపోయేలా ముఖం చెక్కి, పక్కదానికి ఆనించి కూర్చోబెట్టారు. లోపల అడ్డగోడలతో గదులు. ఒక్క మనిషికి కట్టింది కాదు, తరాల తరబడి ఊరు ఊరంతా అందులోకే వెళ్లింది. ఈ రకం సమాధుల్లో కొన్నింటిలో వందల మంది ఎముకలు దొరికాయి. రాజుకి ఒకటి, కూలివాడికి ఒకటి అని లేదు. ద్వారం మీద చెక్కిన బొమ్మల్లో రెండు ఓరిక్స్ జింకల మధ్య ఇద్దరు మనుషులు నిలబడి ఉంటారు. మీరిప్పుడు చూస్తున్నది కూలిపోయిన రాళ్లని ఏరి మళ్లీ పేర్చి నిలబెట్టిన కట్టడం, అది కూడా గుర్తు పెట్టుకుని చూడండి.

ఇవన్నీ ఎలా బయటపడ్డాయంటే, 1959లో డెన్మార్క్ పురావస్తు బృందం అబుదాబి పక్కనున్న ఉమ్ అన్-నార్ దీవిలో తవ్వకాలు మొదలుపెట్టింది. షేక్ జాయెద్ అప్పట్లో అల్ ఐన్‌లో పాలకుడి ప్రతినిధి. దీవికి వెళ్లి ఆ సమాధులు చూసి, ఇలాంటి రాళ్లగుట్టలు మా వైపూ ఉన్నాయి, రండి అని పిలిచారు. వాళ్లొచ్చి చూస్తే నిజమే. ఊళ్లో వాళ్లకి ఆ గుట్టలు తెలుసు, పశువుల్ని కట్టేసుకునే మనుషులకి తెలుసు. అవేమిటో తెలియదంతే.

టీచర్, నేను అబుదాబిలో ఎనిమిదో క్లాసు చదువుతున్నాను. ప్రాజెక్టులో ‘మొదట బెదూయిన్లు ఒంటెల మీద ఎడారిలో తిరిగేవారు, తర్వాత ఒయాసిస్సుల్లో ఊళ్లు కట్టుకుని వ్యవసాయం నేర్చుకున్నారు’ అని రాశాను. మా అన్నయ్య అది తప్పు అన్నాడు. ఎందుకో అడిగితే చెప్పట్లేదు. ఎవరు రైట్? – హెచ్., అబుదాబి

తల్లీ, మీ అన్నయ్యే రైటు. ఎందుకో అతనికీ తెలిసి ఉండదు, అందుకే చెప్పట్లేదు. నేను చెబుతా, నువ్వెళ్లి అతనికి చెప్పు.

నువ్వు రాసింది మ్యూజియం చూసొచ్చిన పెద్దవాళ్లు కూడా అనుకునే మాటే. గుడారం, ఒంటె చూడగానే ‘ఇదే అన్నిటికన్నా పాత జీవితం’ అనిపిస్తుంది. ఇల్లు, తోట చూస్తే ‘ఇది తర్వాతది’ అనిపిస్తుంది. అల్ ఐన్‌లో మట్టి కింద దొరికినవి మాత్రం వేరే కథ చెబుతున్నాయి.

హీలిలో సుమారు 5,000 ఏళ్ల కిందటే పల్లె ఉంది. మట్టి ఇటుకల బురుజు లాంటి కట్టడం, దాని లోపల బావి, చుట్టూ పొలం. గోధుమలు, బార్లీ, ఖర్జూరాల ఆనవాళ్లు దొరికాయి. వాళ్లు రైతులు. మరి ఆ కాలంలో ఒంటె ఎక్కడుంది? అడవి జంతువుగా ఉంది! దాన్ని వేటాడి తినేవాళ్లు. ఉమ్ అన్-నార్ దీవిలో ఒక సమాధి రాతి మీద ఒంటె బొమ్మ చెక్కి ఉంది, నిజమే. కానీ ఆ కాలపు ఒంటెల మీద ఎవరూ ఎక్కలేదు. రాగి బరువులు మోసింది గాడిదలు.

ఒంటెని మచ్చిక చేసుకున్నది సుమారు 3,000 ఏళ్ల కిందట. షార్జాలో మువైలా అనే చోట ఆ కాలపు మట్టి ఒంటె బొమ్మ దొరికింది, దాని వీపు మీద జీను ఉంది. జీను ఉందంటే మనిషి ఎక్కాడనే కదా. హీలి రైతుకీ ఆ జీనుకీ మధ్య రెండు వేల ఏళ్లు.

ఇప్పుడు అసలు సంగతి. అదే 3,000 ఏళ్ల కిందట అల్ ఐన్‌లో ఇంకోటి కూడా వచ్చింది. ఫలజ్. కొండ పాదం దగ్గర లోతుగా బావి తవ్వి, అక్కడ తగిలిన నీటిని సొరంగం గుండా ఊళ్లోకి తెస్తారు. సొరంగం కొద్ది కొద్దిగా వాలుగా ఉంటుంది, నీరు దానంతటదే నడిచి వస్తుంది. మోటార్లు లేవు, కపిలలు లేవు. మధ్యమధ్యలో పైనుంచి గుంటలు తవ్వుతారు, దిగి పూడిక తీయడానికి. హీలి దగ్గరా, బిదా బింత్ సౌద్ అనే చోటా దొరికిన ఫలజ్‌లు ప్రపంచంలో ఇంతవరకూ తెలిసినవాటిలో చాలా పాతవి. వానలు తగ్గి, బావులు లోతుకి పోయి, మధ్యలో వెయ్యేళ్ల దాకా పల్లెలు చిక్కిపోయాయి. ఫలజ్ వచ్చాక మళ్లీ లేచాయి.

ఒకవైపు ఫలజ్ తోటల్ని పెంచింది. ఇంకోవైపు ఒంటె మనిషిని నీళ్లకి రోజుల దూరం పోనిచ్చింది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో. తోట రైతు, ఒంటె మనిషి, ఒకరు ముందూ ఒకరు వెనకా కాదు, పక్కపక్కన పెరిగారు. బెదూయిన్‌కి ఖర్జూరం కావాలి, రైతుకి పాలు, నెయ్యి, ఉన్ని, రవాణా కావాలి. చాలా కుటుంబాల్లో అయితే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు. చలికాలం మేతకోసం ఇసుకల్లోకి, ఎండాకాలం ఖర్జూరం పండే వేళకి తోటలోకి. అదే ఎండాకాలంలో మగవాళ్లు కొందరు తీరానికి పోయి ముత్యాలకోసం సముద్రంలో మునిగేవాళ్లు. ఒకే మనిషి ఏడాదిలో ఒంటెల కాపరి, తోటమాలి, ముత్యాల గజ ఈతగాడు!

నువ్వు రాసింది పూర్తిగా కొట్టేయాల్సిన పని లేదు. రైతుల కంటే ముందు, 7,000 ఏళ్ల కిందట, ఈ నేల మీద మేకల్నీ గొర్రెల్నీ ఆవుల్నీ తోలుకు తిరిగిన కాపర్లు ఉన్నారు. షార్జాలో జబల్ బుహైస్ దగ్గర వాళ్ల సమాధులు దొరికాయి. కానీ వాళ్లకి ఒంటె సవారీ తెలియదు. కాబట్టి నీ వాక్యంలో ‘బెదూయిన్లు ఒంటెల మీద’ అన్నది తీసేసి ‘కాపర్లు మేకలతో’ అని రాసి, ఒంటెని ఆఖరికి చేర్చు. మార్కులు నీకు రావాలి, మీ అన్నయ్యకి కాదు.

నమస్కారం. మ్యూజియాల్లో బెదూయిన్ విభాగం అంటే గుడారంలో నాలుగు బొమ్మలు కూర్చోబెట్టడమే. బయట చూస్తే వాళ్ల మనవలు పెద్ద కార్లలో తిరుగుతున్నారు. ఇదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకం కాదా? – వి. పి., దుబాయ్

బొమ్మల విషయంలో మీతో ఏకీభవిస్తాను. గాజు కళ్లతో, ఒకే వైపు చూస్తూ కూర్చున్న ఆ మనుషుల్ని చూస్తే నాకూ చిరాకే. కానీ వాళ్లని వదిలేసి గుడారం గుడ్డని చూడండి.

అది మేకవెంట్రుకలతో నేసింది. నేసింది ఆడవాళ్లు, నేల మీద పరిచిన మగ్గం మీద. నడుస్తూ నడుస్తూనే కదురు తిప్పుతూ నూలు వడికేవాళ్లు. మగ్గం వెడల్పు ఎంతో పట్టీ వెడల్పు అంతే, అలాంటి పట్టీలు పక్కపక్కన కుట్టి గుడారం చేస్తారు. దగ్గరగా చూస్తే నేతలో సన్నటి సందులు కనిపిస్తాయి, వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఎండలో ఆ సందుల్లోంచి గాలి ఆడుతుంది. వాన పడితే వెంట్రుక తడిసి ఉబ్బి సందులు మూసుకుంటాయి. కరెంటు లేని ఏసీ, గొడుగు రెండూ అదే. నాటకానికి ఇంత తెలివి అక్కర్లేదండీ.

పక్కన వేలాడే తోలుసంచిని కూడా చాలామంది చూడకుండా పోతారు. మేకతోలుని చీల్చకుండా ఒలిచి, కాళ్ల చివరలు ముడి వేసి, మెడ దగ్గర మూతిగా వదిలేస్తారు. ఒకటి నీళ్లకి, ఒకటి పాలకి. పెరుగు పోసి మూడు కర్రల మధ్య వేలాడదీసి ఊపితే వెన్న పడుతుంది. తోలు మీద కాలి మడతలు ఇంకా కనబడుతూనే ఉంటాయి.

ఆ నేతలో ఎరుపు, నలుపు, తెలుపు గళ్లూ త్రిభుజాలూ వేసేదాన్ని సదూ అంటారు. దాన్ని యునెస్కో 2011లో చేర్చింది ‘వెంటనే కాపాడాల్సినవి’ జాబితాలో. అంటే నేసే చేతులు తగ్గిపోతున్నాయని వాళ్లే ఒప్పుకున్నారు. మరి తగ్గిపోయేదాన్ని ఒక గదిలో చూపించడం నాటకమెలా అవుతుంది?

పెద్ద కార్ల సంగతి. తాత ఒంటె మీద తిరిగాడు కాబట్టి మనవడూ ఒంటె మీదే తిరగాలని మనం ఎందుకు కోరుకోవాలి? మీ తాతగారు ఎడ్లబండి తోలితే మీరిప్పుడు తోలుతున్నారా? అల్ ఐన్ ఒంటెల సంతకి ఒకసారి వెళ్లండి. ఖరీదైన కారులో వచ్చిన కుర్రవాడు ఒంటె పెదవి పైకెత్తి పళ్లు చూసి వయసు చెబుతాడు, మేనిరంగు బట్టి ఏ జాతిదో చెబుతాడు. ఆ చదువు ఏ బడిలోనూ లేదు. ఇప్పటి ఒంటె పందేల్లో వీపు మీద రోబో ఉంటుంది. చిన్నపిల్లల్ని ఎక్కించడం 2005లో ఆపేశారు, ఆపాల్సిందే. కారులో పక్కన పరిగెడుతూ రిమోట్‌తో అదిలిస్తారు. పాతదా కొత్తదా అని అడిగితే ఏం చెప్తారు?

బొమ్మలు కాక నిజం మనుషుల్ని చూడాలనుంటే జాహిలీ కోటకి వెళ్లండి, 1890లలో కట్టినది. అక్కడ విల్ఫ్రెడ్ థెసిజర్ తీసిన ఫొటోలు పెట్టారు. 1940లలో రషీద్ తెగ బెదూయిన్లతో కలిసి రబ్ అల్ ఖాలీ ఎడారి దాటిన ఇంగ్లీషువాడు. దాటించింది వాళ్లు, పేరు వచ్చింది ఆయనకి. అయినా ఫొటోలు మాత్రం అద్భుతం. ఆ ముఖాల్లో దర్జా చూశాక గాజుకళ్ల బొమ్మలు మీకు గుర్తు కూడా ఉండవు.

మేడమ్ గారూ, పోయినసారి ఒక ఎమిరాతీ పెద్దాయన మజ్లిస్‌లో (అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో) కూర్చోబెట్టి కాఫీ పోశారు. తాగితే మళ్లీ పోశారు. మళ్లీ తాగితే మళ్లీ. ఆపమని ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడి ఐదారు కప్పులు తాగేశాను. రాత్రంతా నిద్ర లేదు. – ఎం., అల్ ఐన్

కప్పుని అటూ ఇటూ కొద్దిగా ఊపి తిరిగి ఇచ్చేయండి. చాలు అని అర్థం. ఊపకుండా ఇస్తే నింపుతూనే ఉంటారు, తప్పు వాళ్లది కాదు. కుడిచేత్తో తీసుకోవాలి, కుడిచేత్తోనే ఇవ్వాలి. కప్పు అడుగున కొంచెమే పోశారేమిటని అనుకోకండి. నిండా పోస్తే ‘తాగేసి బయల్దేరు’ అన్నట్టు. అందుకే తక్కువ పోసి ఎక్కువసార్లు అడుగుతారు. మొదటి కప్పు మాత్రం వద్దనకండి. ఈ మర్యాద అంతా కలిపి యునెస్కో 2015లో అరబ్ కాఫీని తన జాబితాలో చేర్చుకుంది.

ఇంకో రెండు కప్పులు తాగి ఉంటే నిద్ర రెండు రోజులు పోయేది. ఊపడం నేర్చుకోండి.

టీచరమ్మా, మా పెదనాన్న 1960ల్లో దుబాయ్‌లో పనిచేశాడు. జీతం రూపాయల్లోనే ఇచ్చేవారని చెప్పేవాడు. మేమెవరం నమ్మలేదు. మ్యూజియంలో పాత నాణేల మధ్య రూపాయి చూసి అనుమానం వచ్చింది. నిజమేనా? – టి. ఎస్., అబుదాబి

నూటికి నూరుపాళ్లు నిజం అన్నయ్యగారూ. గల్ఫ్ తీరమంతా చాలాకాలం మన రూపాయే నడిచింది. అయితే ఆ రూపాయలు చూపించి ఇక్కడి నుంచి ఇండియాకి బంగారం దొంగతనంగా పోవడం, దానికోసం భారత్ విదేశీ మారకం ఖర్చవడం ఎక్కువైంది. అందుకని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్‌కోసమే విడిగా నోట్లు అచ్చేసింది. డిజైను మనదే, రంగు వేరు, నంబరు ముందు ‘జడ్’ అక్షరం. అవి ఇండియాలో చెల్లవు. మీ పెదనాన్నగారి చేతికొచ్చింది బహుశా ఆ గల్ఫ్ రూపాయే.

1966 జూన్‌లో భారత ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. ఒక్క రాత్రిలో చేతిలో డబ్బు చిక్కిపోతే ఎవరూరుకుంటారు? దుబాయ్, ఖతార్ కలిసి రియాల్ తెచ్చుకున్నాయి. అబుదాబి, దాంతోపాటు అల్ ఐన్, బహ్రెయిన్ దినార్‌కి మారాయి. ఒమన్ 1970 దాకా రూపాయితోనే నెట్టుకొచ్చింది. ఇప్పటి దిర్హాం వచ్చింది 1973లో.

ఎడారి లోపలికి పోతే రూపాయి కంటే ఇంకో నాణెం మీద నమ్మకం ఎక్కువ. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం. ఎప్పుడు అచ్చేసినా దాని మీద 1780 అనే ఉంటుంది, అది రాణి పోయిన ఏడు. వెండి స్వచ్ఛంగా ఉంటుందని బెదూయిన్లకి గట్టి నమ్మకం. కరిగించి కడియాలు చేయించుకునేవాళ్లు, కరిగించకుండా అలాగే హారంలో గుచ్చుకునేవాళ్లు కూడా. నగల అల్మరా దగ్గర ఆ రాణిగారు ఎక్కడైనా వేలాడుతుందేమో వెతకండి. పెదనాన్నగారికి మాత్రం క్షమాపణ చెప్పుకోండి, నలుగురి ముందూ.

చిన్న ప్రశ్నలు

*ఏ నెలలో వెళ్లాలి?* – నవంబరు నుంచి మార్చి. ఎండాకాలంలో వెళ్లాల్సివస్తే మ్యూజియం ఒక్కటే చూడండి, హీలి వద్దు. ఒయాసిస్సులో కాయ పండేది మాత్రం ఎండాకాలంలోనే, అది చూడాలంటే చెమటలు తప్పవు.

*వేళలు?* – రంజాన్‌లో మారతాయి, సెలవుల్లో మారతాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి వెబ్‌సైట్లో చూసుకోండి. ఎవరో బంధువు పోయినేడు చెప్పిన టైము నమ్మి గంటన్నర కారు నడపకండి.

*ఒక్క వస్తువే చూడాలంటే?* – అల్ ఐన్‌లోనే ఖత్తారా అనే చోట సమాధిలో దొరికిన జంట జంతువుల లాకెట్. బంగారు రంగులో, చిన్నగా ఉంటుంది. పాత మ్యూజియంలో నేను దాని ముందు నుంచి పిల్లల్ని కదిలించలేకపోయేదాన్ని. తోకల మెలిక చూడండి.

*ఫొటోలు తీసుకోవచ్చా?* – వస్తువులకి ఫ్లాష్ వేయకండి. స్థానిక ఆడవాళ్లని అడగకుండా తీయకండి, అడిగినా చాలామంది వద్దంటారు, నవ్వి ఫోను కిందికి దించేయండి. ఒంటెని తీస్తే ఒంటె ఏమీ అనదు, కానీ యజమానిని అడిగి తీయండి.